గని మూస్తే మా ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. బొగ్గు, చమురు, గ్యాస్ వాడకం ఆపాలని ప్రపంచమంతా కుర్రాళ్లు రోడ్డెక్కుతున్నారు, సరే, ఆపితే ఎవరి బతుకు ఏమవుతుంది అని. పేరు వేయొద్దని ఎక్కువమంది కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు. కొన్నిటికి జవాబు పొడుగైంది, కొన్నిటికి నాలుగు మాటలు చాలాయి.

ప్రశ్న: మా నాన్న బొగ్గు గనిలో కాంట్రాక్టు కార్మికుడు. నేను డిగ్రీ చదువుతున్నాను. కాలేజీలో వాతావరణ మార్పు మీద ర్యాలీ తీస్తే నేనూ వెళ్లాను. ఇంటికొచ్చాక నాన్న ఒకే మాట అన్నాడు, ‘నా నోటికాడి కూడు తీసెయ్యమని జెండా పట్టుకున్నావా’ అని. అప్పట్నుంచి మనసు మనసులో లేదు. నేను చేసింది తప్పా? – ఒక విద్యార్థిని

జవాబు: నువ్వు చేసింది తప్పు కాదమ్మా. మీ నాన్న అన్నదాంట్లోనూ తప్పు లేదు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం అనుకోవడం వల్లే ఇంత గొడవ. నిజానికి మీరిద్దరూ నిలదీయాల్సింది ఒకే మనుషుల్ని.

ముందు నీ వైపు చూద్దాం. బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి మనుషులు గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి 3,700 కోట్ల టన్నుల దాకా ఉంటోంది. పరిశ్రమలు రాకముందు భూమి ఎంత వేడిగా ఉండేదో దానికంటే 1.5 డిగ్రీలు పైకి వెళ్లిన మొదటి సంవత్సరం 2024 అని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క తేల్చింది. ఈ వేడి ముందుగా ఎవర్ని కొడుతుంది? నీడ లేకుండా పనిచేసేవాళ్లని. అంటే మీ నాన్నలాంటివాళ్లనే. కాబట్టి ఆ ర్యాలీ ఆయన కోసం కూడా జరిగిందే.

ఇక ఆయన వైపు. పర్మినెంట్ ఉద్యోగికి పెన్షన్ ఉంటుంది, వేరేచోటికి బదిలీ ఉంటుంది, వెనక యూనియన్ ఉంటుంది. కాంట్రాక్టు మనిషికి గేటు దగ్గర ‘రేపట్నుంచి రావొద్దు’ అనే మాట తప్ప ఇంకేమీ ఉండదు. మూసివేత అనగానే ఆయనకి గుర్తొచ్చేది అదే, గుర్తు రావడం న్యాయమే.

బ్రిటన్‌లో జరిగింది చూడు. 1984 మార్చిలో 20 గనులు మూసేస్తాం, 20 వేల ఉద్యోగాలు పోతాయి అని అక్కడి బొగ్గు బోర్డు చెప్పింది. కారణం వాతావరణం కాదు, నష్టాలు. కార్మికులు ఏడాది పాటు సమ్మె చేశారు, కుటుంబాలు అప్పుల పాలయ్యాయి, చివరికి 1985 మార్చిలో ఏ హామీ లేకుండానే పనిలోకి వెళ్లారు. ఆ తర్వాత గనులు వరసగా మూతపడుతూ వచ్చాయి. గని తప్ప వేరే ఆధారం లేని ఊళ్లలో ఆ స్థానంలోకి సరైన పని రాలేదు, ఆ లోటు తర్వాతి తరం మీద కూడా పడింది. ఆ సంగతి తెలిసిన ఏ గని కార్మికుడూ ‘మూసేద్దాం’ అనే మాటకి చప్పట్లు కొట్టడు.

కానీ అదొక్కటే దారి కాదు. జర్మనీలో రూర్ అనే ప్రాంతం ఉంది, 1950ల చివర్లో ఆ దేశపు గనుల్లో 6 లక్షల మంది దాకా పనిచేసేవాళ్లు, ఎక్కువమంది రూర్‌లోనే. అక్కడ ఒక్కసారిగా తాళం వేయలేదు. దశాబ్దాల పాటు మెల్లగా తగ్గిస్తూ వచ్చారు, ఒక్క విశ్వవిద్యాలయం కూడా లేని ఆ పారిశ్రామిక ప్రాంతంలో 1960ల్లో బోఖుమ్‌లో పెద్ద విశ్వవిద్యాలయం కట్టారు, బొగ్గు సబ్సిడీ 2018తో ఆఖరు అని 2007లోనే ప్రభుత్వం, కంపెనీ, యూనియన్ కూర్చుని రాసుకున్నారు. చెప్పినట్టే 2018 డిసెంబర్‌లో చివరి గని మూతపడింది, మూసినప్పుడు బలవంతంగా ఎవర్నీ ఇంటికి పంపలేదు. అంతా బ్రహ్మాండంగా ఉందని నేననను, అక్కడ నిరుద్యోగం ఇప్పటికీ జర్మనీ సగటు కంటే ఎక్కువే. కానీ పదకొండేళ్ల ముందు తేదీ తెలియడానికీ, రేపు రావొద్దని ఇవాళ తెలియడానికీ ఎంత తేడా ఉందో మీ నాన్నకి నేను చెప్పక్కర్లేదు.

స్పెయిన్‌లో ఇంకా చిన్నది, ఇంకా సూటిగా జరిగింది. 2018 అక్టోబర్‌లో ప్రభుత్వం గని యూనియన్లతో ఒప్పందం రాసుకుంది. 48 ఏళ్లు దాటినవాళ్లకి ముందస్తు రిటైర్మెంట్, చిన్న వయసు వాళ్లకి కొత్త పనిలో శిక్షణ, తవ్వి వదిలేసిన నేలని బాగుచేసే పనులు, పదేళ్లలో గనుల ప్రాంతాల్లో 25 కోట్ల యూరోల పెట్టుబడి. ఉద్యోగం పోయే వెయ్యి మందికి పైగా ఉన్న లెక్కలో కాంట్రాక్టు వాళ్లూ ఉన్నారు. తేదీ, డబ్బు, పేర్లు, మూడూ ఒకే కాగితం మీద ఉండటం అందులో నాకు నచ్చింది.

ఇంకో సంగతి మీ నాన్నకి చెప్పు. కార్మికుడికి న్యాయం చేస్తూ మార్పు తేవాలన్న ఆలోచన ఏసీ గదుల్లో పుట్టలేదు. అమెరికాలో చమురు, రసాయన, అణు కార్మికుల యూనియన్ నాయకుడు టోనీ మజోకీ దాన్ని మొదలుపెట్టాడు. విషం కక్కే ఫ్యాక్టరీ వల్ల ముందు చచ్చేది అందులోని కార్మికుడే అని ఆయనకి తెలుసు, మూస్తే ముందు వీధిన పడేదీ వాడే అని కూడా తెలుసు. పాడైన మట్టిని శుభ్రం చేయడానికి అమెరికా 1980లోనే ప్రత్యేక నిధి పెట్టింది, మరి మట్టికి ఉన్న నిధి మనిషికి ఎందుకు లేదు అని అడిగాడు. కొన్నేళ్ల పాటు జీతం, చదువుకోవడానికి ఖర్చు, ఇవి ఆయన డిమాండ్లు. ఆ పోరాటం వల్లే 2015 పారిస్ వాతావరణ ఒప్పందం పీఠికలో కార్మికులకి న్యాయమైన మార్పు అన్న మాట చేరింది.

కాబట్టి ఈసారి ర్యాలీకి వెళ్లేటప్పుడు ఆ ప్లకార్డు మీద గని మూసే తేదీ కింద ఇంకో లైను రాయి, కాంట్రాక్టు కార్మికుల పేర్లతో సహా పునరావాస ఒప్పందం ముందు సంతకం కావాలని. అది పట్టుకుని మీ నాన్న కూడా వస్తాడో రాడో అడిగి చూడు.

ప్రశ్న: పెయింటింగుల మీద సూప్ పోయడం, రోడ్ల మీద జిగురుతో అంటించుకుని కూర్చోవడం, వీటి వల్ల ఒరిగేదేంటి? ఉద్యమాల వల్ల ఒక్క బావి అయినా ఆగిందా? – ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: ఆగింది తమ్ముడూ. ఎక్కడో చెప్తాను, ముందు ఆ సూప్ సంగతి తేల్చేద్దాం.

2022 అక్టోబర్‌లో లండన్‌లో చమురు వద్దనే ఇద్దరు కుర్ర ఉద్యమకారులు వాన్‌గో అనే ప్రసిద్ధ చిత్రకారుడి పొద్దుతిరుగుడు పూల చిత్రం మీద టమాటా సూప్ పోశారు. దాని ముందు అద్దం ఉంది కాబట్టి చిత్రానికి ఏమీ కాలేదు, చట్రానికి కాస్త దెబ్బ తగిలింది. 2024లో వాళ్లలో ఒకరికి రెండేళ్లు, ఇంకొకరికి ఇరవై నెలలు జైలు వేశారు. ఆ శిక్ష చాలా ఎక్కువ అని నా అభిప్రాయం. అయినా ఆ పద్ధతి నాకు నచ్చదు, రోడ్డు ఆపడం ఇంకా నచ్చదు, ఎందుకంటే ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కునేది చమురు కంపెనీ యజమాని కాదు, డ్యూటీకి లేటయితే జీతం కోత పడే మనిషి. వాళ్ల ఆవేదన నిజం, ఎంచుకున్న చోటు తప్పు.

ఇప్పుడు అసలు విషయం. ఈక్వెడార్‌లో యాసునీ అనే అడవి ఉంది, అమెజాన్‌లో భాగం, బయటి లోకంతో సంబంధం వద్దనుకుని బతికే ఆదివాసీ తెగలు అందులో ఉన్నాయి. దాని కింద చమురుంది. తవ్వొద్దని అక్కడి కుర్రాళ్లు, ఆదివాసీలు కలిసి లక్షల సంతకాలు సేకరించారు, ఎన్నికల అధికారులు వాటిలో సగానికి పైగా చెల్లవని కొట్టేశారు, వీళ్లు కోర్టుల చుట్టూ దాదాపు పదేళ్లు తిరిగారు. చివరికి 2023 ఆగస్టులో దేశమంతా ఓటు వేసింది. నూటికి 59 మంది చమురు భూమిలోనే ఉండాలన్నారు. చమురు అమ్ముకుని బతికే దేశం అది, ఆ డబ్బు లేకపోతే బడ్జెట్‌కి చిల్లు పడుతుందని తెలిసే ఓటేశారు. బావుల మూసివేత మాత్రం నత్తనడక నడుస్తోంది, ప్రభుత్వం ఏళ్లకేళ్లు గడువు అడుగుతోంది. గెలిచాక కూడా వెంటపడాల్సి వస్తుంది, ఉద్యమాల్లో ఈ భాగం ఎవరి కెమెరాకీ దొరకదు.

ఇంకోటి. 2019లో పసిఫిక్ దీవుల్లో లా చదివే 27 మంది విద్యార్థులకి ఒక ఆలోచన వచ్చింది. వాతావరణాన్ని పాడుచేయడం మీద దేశాలకి చట్టపరంగా బాధ్యత ఉందా లేదా అని అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడిగితే? సముద్రం పెరుగుతుంటే వాళ్ల దీవులు మునుగుతున్నాయి, వాళ్ల ప్రశ్న అందులోంచి వచ్చింది. ముందు వనువాటు అనే చిన్న దేశాన్ని ఒప్పించారు, వనువాటు మిగతా దేశాల్ని ఒప్పించింది, 2023 మార్చిలో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ ఎవరూ కాదనకుండా ఆ ప్రశ్నని హేగ్‌లో ఉన్న ఆ న్యాయస్థానానికి పంపింది. 2025 జులై 23న న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా చెప్పారు, వాతావరణాన్ని కాపాడటం దేశాల బాధ్యతే, శిలాజ ఇంధనాల (అంటే బొగ్గు, చమురు, గ్యాస్) తవ్వకానికి లైసెన్సులివ్వడం, సబ్సిడీలివ్వడం కూడా తప్పు కిందకి రావచ్చు అని. అది సలహా తీర్పు, ఎవర్నీ జైల్లో పెట్టదు. కానీ రేపు ఏ దేశంలో ఏ లాయరు కోర్టుకెళ్లినా ఆ తీర్పు చేతిలో ఉంటుంది.

స్విట్జర్లాండ్‌లో రెండు వేల మందికి పైగా ముసలమ్మలు, ఎక్కువమంది డెబ్భై దాటినవాళ్లు, వడగాలుల్లో ముందు చచ్చేది మాలాంటివాళ్లే అని కేసు వేసి 2024 ఏప్రిల్‌లో యూరప్ మానవ హక్కుల కోర్టులో గెలిచారు. ఉద్యమం అంటే కుర్రాళ్ల వ్యవహారమే అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

ప్రశ్న: రెండు వందల ఏళ్లు బొగ్గు కాల్చి ధనిక దేశాలు బాగుపడ్డాయి. ఇప్పుడు పేద దేశాలు మాత్రం ఆపేయాలా? ఇదేం న్యాయం? – రిటైర్డ్ ఉపాధ్యాయుడు

జవాబు: న్యాయం కాదు మాస్టారూ. ఇప్పటిదాకా గాలిలో చేరిన కార్బన్ డయాక్సైడ్‌లో పావు వంతు ఒక్క అమెరికాదే. ఇవాళ ఏడాది లెక్క తీస్తే చైనాది మొదటి స్థానం, ఆ మాటా దాచకూడదు. కానీ ప్రపంచంలో 65 కోట్ల మందికి పైగా ఇళ్లల్లో ఇంకా కరెంటే లేదు, వాళ్లని ‘మీరూ సమానంగా తగ్గించండి’ అనడం అన్యాయం.

అందుకే ఈ ఉద్యమంలో ఆలోచనపరులు అడిగేది అందరూ ఒకేరోజు ఆపాలని కాదు. ఎక్కువ తిన్నవాడు ముందు లేవాలి, లేస్తూ మిగతావాళ్ల ఖర్చులో వాటా వేయాలి. డెన్మార్క్ 2020లో కొత్త చమురు లైసెన్సులు రద్దు చేసి, ఉత్తర సముద్రంలో తవ్వకం 2050కల్లా పూర్తిగా ఆపేస్తానంది. అప్పటికి యూరోపియన్ యూనియన్ దేశాల్లో చమురు తీయడంలో దానిదే మొదటి స్థానం. అట్లాంటివాళ్లు ఇంకా ఎక్కువమంది కావాలి, లేరు. 2023 డిసెంబర్‌లో దుబాయ్ వాతావరణ సదస్సులో, ముప్పై ఏళ్ల చర్చల్లో మొదటిసారి, శిలాజ ఇంధనాల నుంచి న్యాయంగా పక్కకు జరగాలని అన్ని దేశాలూ రాసుకున్నాయి. అమెరికా కూడా ఒప్పుకుంది, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ చమురు తీసేది మాత్రం ఇప్పటికీ అదే.

2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో బొగ్గు మీద మాటని చివరి నిమిషంలో పలచన చేయించారని భారత్, చైనాల్ని ప్రపంచమంతా తిట్టింది. ఆ తిట్టులో సగం న్యాయమే ఉంది. పేద దేశాలు వాడే బొగ్గు పేరు పత్రంలో రాసి, ధనిక దేశాలు వాడే చమురు, గ్యాస్ పేర్లు రాయకపోవడం మిగతా సగం. మరుసటి ఏడాది ఈజిప్టు సదస్సులో అన్ని శిలాజ ఇంధనాల్నీ తగ్గించాలని రాద్దాం అని భారతే అడిగింది, చాలా దేశాలు మద్దతిచ్చాయి, ఆఖరి పత్రంలోకి మాత్రం రాలేదు.

డబ్బు సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. 2020 నాటికి ఏడాదికి 10 వేల కోట్ల డాలర్లు ఇస్తామని ధనిక దేశాలు 2009లో మాటిచ్చాయి, ఆ మొత్తం మొదటిసారి అందింది 2022లో, అందులోనూ ఎక్కువ భాగం అప్పే. బొగ్గు నుంచి బయటపడటానికి దక్షిణాఫ్రికాకి 2021లో 850 కోట్ల డాలర్లు ప్రకటించారు, మొదటి ప్రణాళికలో తిరిగి కట్టక్కర్లేని సాయంగా ఇచ్చింది నూటికి 4 వంతులే, మిగతాది దాదాపు అంతా అప్పులు, గ్యారంటీలు. 2025లో అమెరికా తన వాటా నుంచి తప్పుకుంది. అప్పు ఇచ్చి దాన్ని న్యాయం అంటే ఎవరు నమ్ముతారు? పేద దేశాల ప్రభుత్వాలు ఈ కోపాన్ని అడ్డం పెట్టుకుని నలభై ఏళ్లు నడిచే కొత్త బొగ్గు ప్లాంట్లు కట్టుకుంటూ పోతే ఆ పొగ పీల్చేది మళ్లీ వాళ్ల పేదలే, ఆ మాట కూడా నేను అనక తప్పదు.

ప్రశ్న: గ్యాస్ శుభ్రమైన ఇంధనం కదా, బొగ్గు ఆపి దాన్ని వాడితే సరిపోదా?

జవాబు: కాల్చినచోట బొగ్గు కంటే మంచిదే, అంతే కరెంటుకి కార్బన్ డయాక్సైడ్ దాదాపు సగమే వస్తుంది. కానీ సహజ వాయువు అంటే ప్రధానంగా మీథేన్. బావి దగ్గర, పైపుల్లో కాల్చకుండానే లీకైపోయిన మీథేన్, ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. కొద్ది శాతం లీకైనా ఆ లాభం హుష్‌కాకి. పైగా ఒకసారి వేల కోట్లు పోసి టెర్మినల్, పైప్‌లైన్ వేశాక పెట్టుబడి రాబట్టుకునే దాకా ఆపనివ్వరు.

ప్రశ్న: వాతావరణం పేరుతో ప్రభుత్వాలు పెట్రోలు మీద పన్ను వేస్తే మళ్లీ సామాన్యుడి నడ్డే విరుగుతుంది. దీన్ని కూడా సమర్థిస్తారా? – ఆటో డ్రైవర్

జవాబు: మీరు అన్న పద్ధతిలో అయితే సమర్థించనండి. ఫ్రాన్స్‌లో అదే చేశారు. డీజిలు, పెట్రోలు మీద వాతావరణం పేరుతో పన్ను పెంచారు, అదే ప్రభుత్వం అదే ఏడాది మహా ధనికుల సంపద మీదున్న పన్ను తీసేసి దాని బదులు ఇళ్లు, స్థలాల్లాంటి స్థిరాస్తుల వరకే చిన్న పన్ను ఉంచింది. ఊరవతల ఉండి, బస్సు లేక, పాత కారులో పనికి వెళ్లేవాళ్లు 2018 నవంబర్‌లో పసుపు జాకెట్లు వేసుకుని రోడ్డెక్కారు, డిసెంబర్‌లో పన్ను పెంపు వెనక్కి వెళ్లింది. వాళ్లని పర్యావరణ ద్రోహులని కొందరు అన్నారు. నేననను. వాళ్లు వేడెక్కే భూమికి వ్యతిరేకంగా లేరు, బిల్లు తమ ఒక్కళ్ల చేతిలో పెట్టడానికి వ్యతిరేకంగా ఉన్నారు.

ఈక్వెడార్‌లో 2019 అక్టోబర్‌లో ఇంధన సబ్సిడీ ఒక్కసారిగా ఎత్తేస్తే ఆదివాసీ సంఘాలు రాజధానిని దిగ్బంధం చేశాయి, రెండు వారాలు తిరక్కుండానే ప్రభుత్వం దిగొచ్చింది. యాసునీ చమురు తవ్వొద్దని ఓటేసింది కూడా ఆ దేశమే అని గమనించండి. జనం మార్పుకి అడ్డం కాదు.

వరస మార్చాలి, అంతే. ముందు బస్సు, రైలు, ఛార్జింగ్, మీలాంటి డ్రైవర్లకి ఎలక్ట్రిక్ బండి కొనుక్కోవడానికి తక్కువ వడ్డీ అప్పు, ఆ తర్వాతే ధర. వసూలైన పన్ను ఖజానాలో కలిపెయ్యకుండా కింది ఆదాయం వాళ్ల బ్యాంకు ఖాతాల్లో వేయాలి. చమురు, బొగ్గు, గ్యాస్ మీద ప్రభుత్వాలు నేరుగా ఇచ్చిన సబ్సిడీ 2022లో 1.3 లక్షల కోట్ల డాలర్లని అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క. అందులో పెద్ద భాగం పెద్ద కార్లున్న ఇళ్లకే పోతుంది, ఎందుకంటే ఎక్కువ కాల్చేవాడికే ఎక్కువ అందుతుంది. కోత అక్కడ మొదలవ్వాలి.

ప్రశ్న: సోలార్, బ్యాటరీల కోసం కూడా భూమి తవ్వాల్సిందేగా? కాంగోలో పిల్లలతో కోబాల్ట్ తవ్విస్తున్నారని చదివాను. ఒక పాపం పోయి ఇంకోటి రావడమేగా? – గృహిణి

జవాబు: మంచి ప్రశ్న వేశారు, వాతావరణ ఉద్యమకారులు దీన్ని తప్పించుకోకూడదు. ప్రపంచపు కోబాల్ట్‌లో 70 శాతానికి పైగా కాంగో నుంచే వస్తుంది. అందులో కొంత చేత్తో తవ్వే చిన్న గనులది, సన్నటి గోతుల్లోకి తాడు పట్టుకుని దిగుతారు, పైన పిల్లలు రాళ్లు కడిగి ఏరుతుంటారు, గోడ కూలితే లోపలున్నవాళ్లు లోపలే. ఇది ఘోరం. పచ్చని భవిష్యత్తు పేరు చెప్పి దాన్ని కడిగెయ్యలేం.

అయితే రెండు విషయాలు పక్కపక్కన పెట్టి చూడండి. ప్రపంచం ఏడాదికి 850 కోట్ల టన్నులకు పైగా బొగ్గు వాడుతోంది, కాల్చగానే అది బూడిద, మళ్లీ ఏడాది మళ్లీ అంతే తవ్వాలి. బ్యాటరీలోని లోహం కాలిపోదు, పాతబడ్డాక కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. మొత్తం తవ్వకం బరువు చూస్తే పోలికే లేదు. ఇంకోటి, కోబాల్ట్ అసలు అక్కర్లేని ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు వచ్చాయి, చాలా బండ్లలో ఇప్పుడు అవే ఉంటున్నాయి. మిగిలిన తవ్వకానికి మాత్రం గని కార్మికుడికి ఇచ్చే హక్కులే ఇవ్వాలి, ఆ ఊరివాళ్లు వద్దంటే వద్దనే మాట చెల్లాలి. సోలార్ కంపెనీ అయినంత మాత్రాన భూమి లాక్కునే హక్కు రాదు.

ప్రశ్న: నేను ఏసీ మానేసి, విమానం ఎక్కకుండా ఉంటే ఏమైనా తేడా ఉంటుందా?

జవాబు: ఉంటుంది, చిన్నది. మానగలిగితే మానండి, మానలేకపోతే అపరాధభావంతో కుంగిపోకండి. మనిషి తన కర్బన పాదముద్ర, అంటే తన అలవాట్ల వల్ల ఎంత కార్బన్ గాలిలో కలుస్తుందో ఆ లెక్క, తానే వేసుకోవాలనే ప్రచారాన్ని 2000ల్లో భారీ ఖర్చుతో జనంలోకి తీసుకెళ్లింది బీపీ అనే చమురు కంపెనీ. తప్పు మీ ఇంట్లో వెతుక్కుంటూ ఉంటే వాళ్ల బావి వైపు చూడరు కదా. ఏసీ మాని మిగిలిన ఓపిక ఉంటే దాంతో మీ డబ్బు దాచుకున్న బ్యాంకు కొత్త బొగ్గు ప్రాజెక్టులకి అప్పులిస్తోందా అని ఒక ఉత్తరం రాయండి.

ప్రశ్న: మెకానికల్ ఇంజనీరింగ్ అయింది. చమురు కంపెనీలో మంచి జీతంతో ఆఫర్ వచ్చింది. ఇంట్లో అప్పులున్నాయి. నాకు వాతావరణ మార్పు గురించి బాగా తెలుసు, అందుకే టెన్షన్. చేరనా, వద్దా? – ఒక ఉద్యోగార్థి

జవాబు: చేరు బాబూ. ఇంటి అప్పు తీర్చడానికి నీకు దొరికిన ఉద్యోగం చేయడం పాపం కాదు. నువ్వు చేరకపోతే ఆ బావి ఆగదు, ఆ సీటులో ఇంకొకరు కూర్చుంటారు.

కాకపోతే అక్కడ ఏ పని నేర్చుకుంటావో జాగ్రత్తగా ఎంచుకో. చమురు పరిశ్రమలో ఉన్న నైపుణ్యంలో చాలా భాగం చమురు లేకపోయినా పనికొస్తుంది. భూమిలోకి కిలోమీటర్లు డ్రిల్లింగ్ చేయడం తెలిసినవాళ్లు భూగర్భ వేడితో కరెంటు తీసే చోట కావాలి. సముద్రం మీద ప్లాట్‌ఫారం నిలబెట్టడం, నీటి అడుగున కేబుల్, వెల్డింగ్ తనిఖీ, ఇవన్నీ సముద్రంలో గాలిమరలు పెట్టేవాళ్లకి కావాలి. ఇంకో పని ఉంది, దాని గురించి కాలేజీల్లో ఎవరూ చెప్పరు, పాత బావుల్ని మూసే పని. చమురు అయిపోయాక వదిలేసిన బావుల్లోంచి మీథేన్ కారుతూనే ఉంటుంది. లోపలి పైపులు తీసి, కింది నుంచి పైకి అంచెలంచెలుగా సిమెంటు నింపి, ఒత్తిడి పెట్టి పరీక్షించి, పైన స్టీలు మూత వెల్డింగ్ చేయాలి. యజమాని ఎవరో కూడా తేలని బావులు అమెరికాలో లక్షకు పైనే ఉన్నాయి, వాటి కోసం 2021లో అక్కడి ప్రభుత్వం 470 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. శిలాజ ఇంధనాలు ఆగిపోయాక కూడా ఏళ్ల తరబడి ఉండే ఉద్యోగం అది.

లోపల ఉండి సంస్థ లీకుల లెక్క దాస్తున్నట్టు కనిపిస్తే నోరు మూసుకోకు. అప్పు తీరాక మళ్లీ ఆలోచించుకో, ఇప్పుడు తీసుకున్న నిర్ణయం జీవితాంతం మోయాలని ఎక్కడా లేదు.

ప్రశ్న: థర్మల్ ప్లాంటు గేటు ఎదురుగా మాది చిన్న టిఫిన్ కొట్టు. పైన రెండు గదులు అద్దెకిచ్చాం. ప్లాంటు మూస్తారని అంటున్నారు. ఉద్యోగుల గురించి యూనియన్లు మాట్లాడుతున్నాయి, మా గురించి మాట్లాడేవాళ్లు ఎవరు? – కొట్టు యజమానురాలు

జవాబు: చాలాచోట్ల ఎవరూ మాట్లాడలేదమ్మా. అందుకే మీ ఉత్తరం విడిగా తీసి పెట్టుకున్నాను.

దక్షిణాఫ్రికాలో కొమాటీ అనే బొగ్గు ప్లాంటు 1961లో మొదలై 2022 అక్టోబర్‌లో మూతపడింది. ప్రపంచానికి ఆదర్శంగా చేస్తాం అన్నారు, ప్రపంచ బ్యాంకు 49.7 కోట్ల డాలర్లు మంజూరు చేసింది, అదే ఆవరణలో సోలార్ పెడతాం, శిక్షణ కేంద్రం పెడతాం అన్నారు. పర్మినెంట్ ఉద్యోగుల్ని వేరే ప్లాంట్లకి సర్దారు. కాంట్రాక్టు వాళ్లు వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లిపోతే వాళ్లకి గదులు అద్దెకిచ్చినవాళ్లు, తిండి అమ్మినవాళ్లు ఏమవ్వాలి? కొత్త పనులు మొదలవడానికి ముందే పాతది ఆగిపోయింది, మధ్యలో ఊరు ఖాళీ అయింది. అధ్యక్షుడి వాతావరణ కమిషన్ స్వయంగా వెళ్లి పరిశీలించి, ఊరివాళ్లతో ముందుగా సరిగ్గా మాట్లాడలేదని, సన్నాహం చాలలేదని తప్పుపట్టింది. ఆ ప్లాంటు పాతబడిపోయింది, ఎట్లాగూ మూయాల్సిందే. మూసిన తీరులోనే పొరపాటు ఉంది.

అందుకని మీరు చేయాల్సింది తేదీ ఖరారయ్యే దాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. ప్లాంటు మీద ఆధారపడ్డ కొట్లు, అద్దె ఇళ్లు, లారీలు, బట్టలుతికేవాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, అందరూ కలిసి ఒక సంఘం పెట్టుకోండి, ఎవరికి ప్లాంటు వల్ల నెలకి ఎంత వస్తోందో రాసి పెట్టుకోండి. బిల్లులు లేకపోతే మామూలు నోటుపుస్తకం లెక్క అయినా పనికొస్తుంది, ఏ లెక్కా లేకపోవడమే ప్రమాదం. ఉద్యోగుల యూనియన్ దగ్గరికి వెళ్లి మీ జాబితాని వాళ్ల డిమాండ్ల పత్రంలో కలపమనండి, కాంట్రాక్టు కార్మికులు మీకు సహజంగా తోడొస్తారు. ప్లాంటు పన్నుతో నడుస్తున్న ఆసుపత్రి, బడి, నీళ్ల సరఫరా ఉంటే మూసిన తర్వాత వాటికి డబ్బు ఎవరిస్తారో రాతపూర్వకంగా అడగండి. బూడిద చెరువు శుభ్రం చేసే ఖర్చు కంపెనీ ముందుగా డిపాజిట్ చేయాలని అడగండి, ఆ పనిలో ఊరివాళ్లకే ముందు కూలి ఇవ్వాలని అడగండి, అది కొన్నేళ్ల పని.

కొత్తది ఏదైనా వస్తుందంటే అది మొదలైన తర్వాతే పాతది ఆపాలని పట్టుబట్టండి. అభిప్రాయ సేకరణ మీటింగు పెట్టినప్పుడు ఎంత పని ఉన్నా కొట్టు మూసి వెళ్లండి, నష్టపోయేవాళ్ల జాబితా అక్కడే పైకి చదివించండి, అందులో మీ పేరు లేకపోతే ఉన్నచోటే రాయించి సంతకం తీసుకుని మరీ రండి.